ఓపికకూ డబ్బుకూ మధ్య

ఫుట్‌బాల్‌లో వెంటనే కప్పు గెలవని కోచ్‌ను మార్చేయడమే మేలని ఒక వ్యాసకర్త చేసిన వాదనను పూర్తిగా కొట్టిపారేయలేం. 2012 మార్చిలో కోచ్‌ను తొలగించిన ఇంగ్లండ్ క్లబ్బు చెల్సీ, తాత్కాలికంగా పగ్గాలు అందుకున్న డి మాటియోతో మే నెలలోనే యూరప్‌లోని మేటి క్లబ్బులు తలపడే ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. అయితే చెల్సీ వెనుక ఉన్నంత డబ్బు అందరికీ ఉండదు. రాబోయే టికెట్ల ఆదాయాన్ని చూపి అప్పు తెచ్చి ఆటగాళ్లను కొన్న మరో ఇంగ్లండ్ క్లబ్బు లీడ్స్ యునైటెడ్, 2001లో అదే పోటీలో సెమీఫైనల్ ఆడినా, ఆ తర్వాత వాళ్లను ఒక్కొక్కరిగా అమ్ముకుంటూ 2004లో కింది డివిజన్‌కు పడిపోయింది. ఇక ఓపిక సంగతి చూస్తే, 1986లో మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బుకు కోచ్‌గా వచ్చిన ఫెర్గూసన్‌కు తొలి లీగ్ టైటిల్ 1993లో గానీ దక్కలేదు (అంత ఓపిక ఇప్పుడు ఏ యజమానికి ఉంది లెండి). మన విశాఖలోనూ టోర్నమెంటు ముందు బయటి నుంచి గోల్స్ కొట్టే స్ట్రైకర్‌ను రప్పించుకునే జట్లు, రోజూ పొద్దున్నే మైదానంలో చెమటోడ్చే స్థానిక కుర్రాళ్లను బెంచీకే పరిమితం చేస్తున్నాయి. కనీసం రెండో అర్ధభాగంలోనైనా వాళ్లను బరిలోకి దించాలి.