మహారాజశ్రీ తెల్లన్నం గారికి

మహారాజశ్రీ తెల్లన్నం గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కాని ఈ ఉభయుల్లో కుశలంగా ఉన్నది మీరొక్కరే. మొన్న నా మూడు నెలల సగటు చక్కెర లెక్క చూసి డాక్టరు గారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చూశారు. "అన్నం ఎంత తింటారు?" అని అడిగితే "ఎంత పెడితే అంత" అన్నాను. ఆయన రాసిన చీటీలో బి కాంప్లెక్సు బిళ్లలు కూడా ఉన్నాయి. ఈ ఉత్తరం ఆ బిళ్లల గురించే.

ముందు మా ఇంట్లో మీ హోదా సంగతి చెప్పాలి. ఉదయం నాలుగు ఇడ్లీలు, పదకొండింటికి రెండు గారెలు, సాయంత్రం ఉప్మా తిన్న మనిషి రాత్రి తొమ్మిదింటికి "పొద్దుటి నుంచి అన్నం తినలేదు" అంటే మా వాళ్లందరి కళ్లూ చెమరుస్తాయి. అవన్నీ టిఫిన్లు, మీరు మాత్రమే భోజనం. పప్పు, కూర, పచ్చడి, పులుసు మిమ్మల్ని గొంతు దాటించడానికి పెట్టుకున్న బంట్రోతులు. వాటికి ఆదరువులని పేరు పెట్టి భాష కూడా పక్కనే నిలబెట్టింది. పెళ్లి విస్తట్లోకి మీరు పప్పుతో ఒకసారి, ఆవకాయతో ఒకసారి, పులుసుతో, చారుతో, చివరికి పెరుగుతో వేంచేస్తూనే ఉంటారు. బెండకాయ వేపుడు వచ్చేది ఒక్కసారి, అదీ గరిటె చివర.

ఇంతటి వారు ఒంటి మీద నూలుపోగు లేకుండా ఎందుకు వస్తారని నేనెప్పుడూ అడగలేదు. ఊక తీయడం సరే, అది ఎవరూ తినలేరు. దాని కింది గోధుమరంగు పొరను కూడా మిల్లులో గీకించుకుని, మొలక మూలాన్ని వదిలించుకుని, మల్లెపువ్వులా తయారై వస్తారు. పీచు, బి విటమిన్లు, ఇనుము చాలావరకు ఉన్నది ఆ పొరలోనే. దాని పేరు తవుడు. అది మా గేదెకు వెళ్లేది. తర్వాత మిమ్మల్ని మూడుసార్లు కడిగేవాళ్లం. ఆ నీళ్లు కుడితి గోళెంలోకి, మళ్లీ గేదెకే. ఉడికాక గంజి వార్చేవాళ్లం. అందులోకి దిగిన కాస్త విటమినూ మా నాన్న తెల్లపంచెకు పట్టేది. ఆ పంచె ఎంత నిటారుగా నిలబడేదని! నాన్న మాత్రం మోకాళ్లు పట్టుకుని లేచేవారు. గేదె ఒళ్లు నిగనిగలాడేది.

మీ మీద పాత కేసు ఒకటి ఉంది. 1890 ప్రాంతంలో జావాలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు, కాళ్లు చచ్చుబడే బెరిబెరి జబ్బు మీద పరిశోధిస్తుంటే ఆయన కోళ్లకు కాళ్లు చచ్చుబడ్డాయి. ఏ క్రిమి పనో అని వెతుకుతుండగా, కొన్నాళ్లకు అవి వాటంతట అవే లేచి తిరిగాయి. ఆరా తీస్తే తేలింది: అంతవరకు వాటికి సైనిక ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లన్నం వచ్చేది. కొత్తగా చేరిన వంటవాడు సైన్యం అన్నం మామూలు కోళ్లకు పెట్టనన్నాడు. అవి పై పొర తీయని బియ్యం తిని కోలుకున్నాయి. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. వంటవాడికి ఏమీ రాలేదు. పిసినారితనం చేసిన మేలుకు ఈ లోకంలో గుర్తింపు లేదు.

జావా కోళ్లతో మనకేం పని అంటారా? మిల్లులో పట్టిన పచ్చిబియ్యం తిన్న మన ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి ఉండేది. ఉప్పుడు బియ్యం తిన్న తమిళులు చాలావరకు తప్పించుకున్నారు. వడ్లను ఉడకబెడితే పై పొరలోని విటమిను గింజలోకి దిగుతుంది మరి. మనకేమో ఆ వాసన పడదు. ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో, ఒకే గదిలో, బెరిబెరి మీద విచారణగా మొదలైనదే. 1958లో హైదరాబాదుకు వచ్చింది. అంటే మీ మీద దర్యాప్తుకు పెట్టిన కచేరీ బిర్యానీ రాజధానికే బదిలీ అయిందన్నమాట. రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటవద్దని ఆ సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. మా ఇంట్లో మీ వాటా ఎంతో లెక్క కడుతుండగానే అమ్మ ఇంకో గరిటె వడ్డించింది.

ఇక మీ చుట్టూ జరిగే వ్యాపారం. గేదెకు వేసే తవుడు నుంచి నూనె తీసి, గుండెకు మంచిదని నాకు అమ్ముతున్నారు. పొర గీకని బియ్యం గీకిన బియ్యం కంటే ఖరీదు. చేయని పనికి కూలి ఎక్కువ! పోయిన ఇనుము, ఫోలిక్ ఆమ్లాన్ని పిండిలో కలిపి, గింజలుగా అచ్చుపోసి, రేషను బియ్యంలో నూటికి ఒకటి చొప్పున కలుపుతూ వచ్చారు. జనం వాటిని ప్లాస్టిక్ బియ్యమనుకుని ఏరి పారేశారు.

మీరు ఆకలి తీర్చారు, ఆ మాట కాదనను. 1983లో కిలో రెండు రూపాయలకు దిగివచ్చినప్పుడు, పండగనాడే వరన్నం చూసిన ఇళ్లలో రోజూ పండగే అయింది. జొన్నరొట్టె, రాగి సంకటి సిగ్గుపడి పక్కకు తప్పుకున్నాయి. ఇప్పుడు కొర్రలు, సామలు మెరిసే సంచుల్లో తిరిగి వచ్చాయి. అయితే కొర్రన్నాన్ని కూడా మీలాగే గుట్టగా పోసుకుని తిన్న మా బావగారి చక్కెర నా చక్కెరను దాటిపోయింది.

కాబట్టి మిమ్మల్ని వెళ్లగొట్టను. అంత ధైర్యం లేదు, కొత్త ఆవకాయ ముందు అసలే లేదు. పదవి మాత్రం తగ్గిస్తున్నాను. ఇకనుంచి సగం కంచం కూరలకు, ఆకుకూరలకు. పప్పుకు దాని చోటు దానికి. మీకు ఒకే గరిటె, అదీ దంపుడు బియ్యంగా వస్తేనే. కూర మీలో కలవదు, మీరే కూరలో కలవాలి.

నిన్న రాత్రి ఆ ప్రకారమే దంపుడు బియ్యం నానబెట్టాను. అమ్మ గిన్నెలోకి తొంగి చూసి, "ఏరా, గేదెను కొన్నావా?" అని అడిగింది.

ఇట్లు,
తమ పాత భక్తుడు