అలీయా, టైసనా: ఏడు రోడ్ల జంక్షన్ నివేదిక

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో టీ గ్లాసుల దగ్గర తేలకుండా మిగిలిపోయిన వ్యవహారం ఇక ఒక్కటే. నాగావళికి వరదొస్తే ఏం చెయ్యాలో అక్కడ ఎప్పుడో నిర్ణయమైపోయింది. రథసప్తమి నాడు అరసవల్లి బస్సుల్ని ఏ దారిన మళ్ళించాలో కూడా తేలిపోయింది, అధికారులు అమలు చెయ్యడమే తరువాయి. మహమ్మద్ అలీ, మైక్ టైసన్‌లలో ఎవరు పెద్ద అన్నది మాత్రం ఎన్ని గ్లాసులు ఖాళీ అయినా తెగడం లేదు. ఇద్దరి రికార్డులూ ముందేసుకుని ఇవాళ ఆ తగాదాకి మంగళం పాడేద్దాం.

బాక్సింగ్ రికార్డు చదవడానికి ఒక వరస ఉంది. ముందు గెలుపులు, తరవాత ఓటములు, ఆపైన డ్రాలు. గెలుపుల్లో నాకౌట్లెన్నో పక్కన వేస్తారు. ఆ వరసలో అలీది 56-5, నాకౌట్లు 37. టైసన్‌ది 50-7, నాకౌట్లు 44. డ్రాలు ఇద్దరికీ లేవు. టైసన్ ఖాతాలో అదనంగా రెండు ‘నో కాంటెస్ట్’లున్నాయి, అంటే పంచాయతీ జరిగింది గాని తీర్పు చెల్లదు. 1999లో గంట కొట్టాక గుద్దినందుకు ఒకటి, 2000లో గోలోటా అనేవాణ్ణి ఓడించాక పరీక్షలో గంజాయి బయటపడినందుకు ఇంకొకటి.

ఇక శాతాలు. అలీ 61 పోటీలకి 56 గెలిచాడు కాబట్టి 91.8. టైసన్, ఆ రెండు నో కాంటెస్ట్‌లూ కలుపుకుని, 59కి 50, అంటే 84.7. అలీ పక్షం వాళ్ళు లేచి చిల్లర తీస్తుండగా టైసన్ పక్షం నుంచి అభ్యంతరం వస్తుంది: “ఆగు బావా, గెలిసినవాటిల్లో పడగొట్టీసినవెన్నో సూడు.” చూస్తే టైసన్‌ది 50కి 44, అంటే 88 శాతం. అలీది 56కి 37, అంటే 66. ఫోను ఒకటే, అందులో క్యాల్కులేటరూ ఒకటే. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ బాక్సరు గెలుస్తున్నాడు.

రికార్డులో ఉన్నది నేల మీద ఉండాలని లేదన్న సంగతి పాసు పుస్తకం ఉన్న ప్రతి రైతుకీ తెలుసు. అయినా బాక్సింగ్ అంకెల్ని మనవాళ్ళు ఇంతగా నమ్మడానికి కారణం ఉంది. ఈ జిల్లాకి అలవాటైన అంకెలు వేరు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఆమెకన్నా పైనున్న ఇద్దరూ ఎత్తినవి 242.5. అక్కడితో మాట అయిపోయింది. ఇనుముకి ముందురోజు జ్వరం లేదు, దానికి 38 ఏళ్ళు నిండలేదు, వారం ముందు ఫోన్ చేసి రమ్మంటే బస్సెక్కి రాలేదు. బాక్సింగ్‌లో ఇనుము ఉండాల్సిన చోట మనిషి ఉంటాడు, ఆ మనిషిని ఎంచి తెచ్చే పెద్దమనిషి ఇంకొకడుంటాడు.

ఆ పెద్దమనిషిని మ్యాచ్‌మేకర్ అంటారు. మన భాషలో పెళ్ళిళ్ళ పేరయ్య. కొత్త కుర్రాడు చేతికొస్తే పేరయ్య పని ఇలా ఉంటుంది. మొదట్లో నాలుగేసి రౌండ్ల పోటీలు, ఆనక ఆరు, ఎనిమిది, పది. ఎదుటివాడు వరసగా నాలుగు ఓడి అయిదో చెక్కు కోసం ఎదురుచూస్తున్నవాడై ఉండాలి. కబురు వాడికి ఆలస్యంగా అందాలి, ఒళ్ళు సిద్ధం చేసుకునే వ్యవధి దొరక్కూడదు. మన కుర్రాడు ఎడమచేతివాటం వాళ్ళ ముందు తడబడతాడా? అయితే అలాంటివాడు ఇప్పట్లో వాడి కంటబడకూడదు. గుద్దులో బరువూ దవడలో గట్టితనమూ రెండూ ఉన్నవాడి సంబంధం అసలే చూడకూడదు. గుద్దు తేలికై, దవడ మాత్రం గట్టిగా ఉన్నవాడు మటుకు ఒకడు తప్పనిసరి, ఎందుకంటే ఎనిమిది రౌండ్లు ఊపిరి ఎలా దాచుకోవాలో కుర్రాడికి నేర్పేది వాడే. ఇదంతా మోసమేమీ కాదు. టైసన్‌నీ ఇలాగే పెంచారు. 1985 మార్చిలో మొదలెట్టి ఆ ఒక్క ఏడాదే 15 పోటీలు చేయించారు. మొదటి 19 నాకౌట్లే. 20వ పోటీలో టిల్లిస్ అనేవాడు చివరిదాకా నిలబడి, గుద్దితే పడనివాళ్ళు కూడా లోకంలో ఉంటారని చూపించాడు.

పెంపకం మితి మీరితేనే చిక్కు. 1995లో జైలు నుంచి వచ్చిన టైసన్‌కి మొదటి సంబంధంగా పీటర్ మెక్‌నీలీని చూశారు. పేపరు మీద అబ్బాయి 36-1, అంతకన్నా బంగారం ఎక్కడ దొరుకుతుంది? పోటీ మొదలైన 89 సెకన్లకి వాడి మేనేజరే రింగులోకి దూకేశాడు. అంతకుముందు 1988లో టైసన్ మైకెల్ స్పింక్స్‌ని 91 సెకన్లలో ముగించాడు. ఆ స్పింక్స్ 31-0తో వచ్చాడు, లారీ హోమ్స్ దగ్గర టైటిల్ గుంజుకున్న మొనగాడు. 36-1 వాడికీ 31-0 వాడికీ మధ్య తేడా రెండు సెకన్లని తేలింది గనక, ఇద్దరూ సమానులేనని ఒక తీర్మానం ప్రవేశపెట్టారు. ఎవరూ వ్యతిరేకించలేదు. ఇద్దరి పోటీలూ చూసినవాళ్ళు ఆ పూట రాలేదు.

ఇక చుట్టరికాల పద్ధతి. మన ప్రాంతంలో ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చకుండా ఏ మాటా ముందుకి సాగదు కదా. అలీని 1981లో ట్రెవర్ బెర్బిక్ ఓడించాడు, అదే అలీ చివరి పోటీ. ఆ బెర్బిక్‌ని 1986 నవంబరు 22న టైసన్ రెండో రౌండులో పడగొట్టి, ఇరవై ఏళ్ళకే ఛాంపియనయ్యాడు. కనుక టైసనే పెద్ద. అలీని 1980లో హోమ్స్ ఓడించాడు, హోమ్స్‌ని 1988లో టైసన్ నాలుగో రౌండులో పడేశాడు. కనుక టైసన్ మళ్ళీ పెద్ద. అలీని 1978లో లియాన్ స్పింక్స్ ఓడించాడు, ఆ లియాన్ సొంత తమ్ముడే పైన చెప్పిన 91 సెకన్ల మైకెల్. అన్న కొట్టినవాణ్ణి... తమ్ముణ్ణి కొట్టినవాడు... ఏది ఏమైనా టైసనే పెద్ద.

అలీ పక్షం మాత్రం చేతులు ముడుచుక్కూచుంటుందా? 1974లో కిన్షాసాలో అలీ జార్జ్ ఫోర్‌మన్‌ని ఓడించాడు. అప్పటికి ఫోర్‌మన్ 40-0, అందులో 37 నాకౌట్లు. ఆ ఫోర్‌మన్ 1994లో, 45 ఏళ్ళ వయసులో, మైకెల్ మూరర్‌ని పడగొట్టాడు. అదే ఏడాది అంతకుముందు మూరర్ హోలీఫీల్డ్‌ని ఓడించి ఉన్నాడు. హోలీఫీల్డ్ 1996లో టైసన్‌ని ఓడించాడు. అలీ నుంచి టైసన్ దాకా మధ్యలో ముగ్గురు, ఒక్క అంచె కూడా తెగలేదు. రెండు వంశవృక్షాలూ చెల్లేవే. రెండిటినీ కలిపి గీస్తే అలీ తనకి తానే తాతయ్యలా ఉన్నాడు.

ఈ చుట్టరికాల్లో రాయని గడి వయసు. హోమ్స్ చేతిలో ఓడిన రోజు అలీకి 38 ఏళ్ళు, హోమ్స్‌కి 30. టైసన్ చేతిలో ఓడిన రోజు హోమ్స్‌కి 38, టైసన్‌కి 21. ఆ 38 ఏళ్ళ వయసు గుద్దులు కొడుతుందా తింటుందా అన్నది రికార్డులో ఎక్కడా ఉండదు.

సెలవుల గడి కూడా అంతే. అలీ 1967 మార్చి నుంచి 1970 అక్టోబరు దాకా, 43 నెలలు రింగుకి దూరం. టైసన్ 1991 జూన్ నుంచి 1995 ఆగస్టు దాకా, దాదాపు 50 నెలలు. రికార్డు పుస్తకంలో రెండూ ఒకే రంగు ఖాళీ, ‘సర్వీసు బ్రేకు’ అని ఇద్దరికీ సరిపెట్టేసే ఉద్యోగస్తులు బల్ల దగ్గర ఉంటారు. ఒకడికి వియత్నాం యుద్ధానికి పోనన్నందుకు లైసెన్సు పోయింది. ఇంకొకణ్ణి అత్యాచారం కేసులో దోషిగా తేల్చి జైల్లో పెట్టారు. ఈ గడి దగ్గర వ్యంగ్యం ఆపి ముందుకి పోదాం.

ఓటముల వివరం చూస్తే కొంత వెలుగు పడుతుంది. అలీ అయిదు ఓటముల్లో మధ్యలో ఆగిపోయింది ఒక్క హోమ్స్ పోటీయే, పదో రౌండయ్యాక మూలలో ఉన్న అలీ మనుషులే ఇక చాలన్నారు. తనని ఓడించినవాళ్ళలో ఫ్రేజర్, నార్టన్, లియాన్ స్పింక్స్, ముగ్గురినీ అలీ తిరిగి ఓడించాడు. టైసన్ ఏడు ఓటముల్లో ఆరు మధ్యలో ఆగినవే, తిరిగి తీర్చుకున్నది ఒక్కటీ లేదు. హోలీఫీల్డ్‌తో 1997లో రెండో అవకాశం వచ్చింది. మూడో రౌండులో ఒక చెవి కొరికినందుకు రిఫరీ రెండు పాయింట్లు కోశాడు, రెండో చెవి కూడా కొరికాక పోటీయే ఆపేశాడు. టైసన్ పక్షం వాదన: “సెవి ముక్క తెంపీసినాడు కదా బావా, అది లెక్కలోకి రాదేటి?” రాదు. డిస్‌క్వాలిఫికేషన్‌ని కూడా మామూలు ఓటమి గడిలోనే వేస్తారు.

టోక్యోలో 1990 ఫిబ్రవరి 11న ఏం జరిగిందో కూడా ఆ గడికి పట్టదు. టైసన్ అప్పటికి 37-0. ఎదుటివాడు బస్టర్ డగ్లస్, వాడి గెలుపు మీద పందెం 42కి ఒకటి. రెండు చేతులూ బార్లా చాపితే డగ్లస్‌వి 83 అంగుళాలు, టైసన్‌వి 71. ఆ చేతులతో డగ్లస్ ఎడమ జాబ్, అంటే చెయ్యి చాచి వేసే సూటి గుద్దు, వేసుకుంటూ పోయాడు. తల ఊపుతూ లోపలికి దూరే అలవాటు మానేసిన టైసన్ ప్రతి జాబ్‌కీ ఎదురెళ్ళాడు. కన్ను వాచింది. వాపు అణచడానికి మూలలో చల్లటి ఇనుప బిళ్ళ ఉంచుకోవాలి, దాన్ని ఎన్‌స్వెల్ అంటారు. టైసన్ మనుషులు అది తేలేదు. రబ్బరు తొడుగులో ఐసు నీళ్ళు పోసి కంటి మీద అదిమారు. ఎనిమిదో రౌండులో కింద నుంచి పైకి గుద్దే ఒక్క అప్పర్‌కట్‌తో డగ్లస్‌ని పడగొట్టాడు గాని వాడు లేచాడు. పదో రౌండులో పడినవాడు టైసన్. ఇంతకీ ఆ తొమ్మిది రౌండ్లకి జడ్జీలు వేసిన మార్కులు చూడండి: ఒకరు డగ్లస్‌కి 88-82, ఒకరు టైసన్‌కి 87-86, మూడో ఆయన 86-86. ఒకే పోటీని ముగ్గురు మూడు రకాలుగా చూశారంటే, వాళ్ళు కూడా ఏడు రోడ్ల జంక్షన్‌లో టీ తాగి వెళ్ళినవాళ్ళే అయ్యుండాలి.

ఇద్దరూ మంచి వయసులో ఎదురుపడితే? ఇది ఏ కాగితమూ చెప్పని విషయం కాబట్టి అందరూ ఇక్కడే ఖచ్చితంగా మాట్లాడతారు. అలీ 6 అడుగుల 3 అంగుళాలు, చేతులు చాపితే 78. జాబ్ వేసి వెనక్కి తగ్గేవాడు. టైసన్‌కి చిరాకు తెప్పించిన ఆట అదే. కాని అలీ చెయ్యి కిందకి దించి తల వెనక్కి వంచేవాడు, పక్కనుంచి వంపుగా వచ్చే ఎడమ హుక్‌కి అక్కడే దొరికేవాడు. 1963లో హెన్రీ కూపర్, 1971లో పదిహేనో రౌండులో ఫ్రేజర్, ఇద్దరూ ఎడమ హుక్‌తోనే పడగొట్టారు. టైసన్ దగ్గరున్న సరుకులో అన్నిటికన్నా బరువైనదీ ఆ ఎడమ హుక్కే. నాలుగు రౌండ్లలోపు అయితే టైసన్, దాటితే అలీ అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. దీన్ని ఎవరూ ఒప్పుకోరు.

ఇంతలో 2024 నవంబరులో 58 ఏళ్ళ టైసన్ 27 ఏళ్ళ యూట్యూబ్ కుర్రాడు జేక్ పాల్‌తో ఎనిమిది రౌండ్లు ఆడాడు. రౌండుకి రెండేసి నిమిషాలు, గ్లవుజులు 14 ఔన్సులవి. పోటీ జరిగిన టెక్సాస్ అధికారులు దాన్ని అసలైన ప్రొఫెషనల్ పోటీగా రాసుకోవడంతో 50-6 కాస్తా 50-7 అయింది. అంటే 2002లో ఛాంపియన్ లెనాక్స్ లూయిస్ చేతిలో ఓటమికి ఎంత విలువో, జేక్ పాల్ చేతిలో ఓటమికీ అంతే విలువ. ఒకటికి ఒకటి.

చివరగా ఒక స్థానిక అభ్యర్థన వచ్చింది. మన ఊరి స్టేడియానికి పేరిచ్చిన కోడి రామ్మూర్తి నాయుడు గారిని కూడా ఈ పట్టికలో చేర్చాలట. గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్నారని ప్రసిద్ధి. ప్రొఫెషనల్ బాక్సింగ్ పోటీ ఒక్కటీ ఆడలేదు కాబట్టి నిబంధనల ప్రకారం ఆయన రికార్డు 0-0, అంటే ఓటమి ఎరగనివారు. ఏనుగుదీ 0-0. వీళ్ళిద్దరి మధ్య జరిగినదాన్ని డ్రాగా రాయాలా, నో కాంటెస్ట్‌గా రాయాలా అన్నది రేపు సాయంత్రం టీకి వాయిదా పడింది.