రాష్ట్రం ఒప్పుకుంది సరే, మరి ఫెడరల్ చట్టమో?

అమెరికాలో రాష్ట్రాలు గంజాయిని ఒక్కొక్కటిగా చట్టబద్ధం చేస్తున్నాయి, ఇక భయమేముంది అన్నట్టు రాశారు నేను చదివిన ఓ వ్యాసంలో. నేనుండేది న్యూజెర్సీలో. ఇక్కడ 2020 నవంబర్‌లో జనం ఓటేసి ఒప్పుకున్నారు, 2022 ఏప్రిల్‌లో అమ్మకాలు మొదలయ్యాయి, 21 ఏళ్లు నిండితే చాలు. మా ఇంటి దగ్గర్లోనూ ఓ షాపుంది. గుమ్మం దగ్గరే ఐడీ చూస్తారు, లోపల ఒక మూల ఏటీఎం పెట్టారు, క్రెడిట్ కార్డు తీసుకోరు మరి. ఎందుకు తీసుకోరు? ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించే కేంద్ర చట్టం ప్రకారం గంజాయి ఇంకా నేరమే కాబట్టి, కార్డు కంపెనీలు దూరంగా ఉంటాయి!

మనవాళ్లకి అసలు చిక్కు ఇక్కడే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు రాష్ట్రం ఒప్పుకుంది కదా అని సరదాకి తీసుకున్నా, రేపు పౌరసత్వానికి అప్లై చేసినప్పుడు అదే అడ్డం పడొచ్చని 2019లోనే ఇమ్మిగ్రేషన్ శాఖ స్పష్టంగా చెప్పింది. వీసా మీద ఉన్నవాళ్లకైతే ఇంకా టెన్షన్. మొన్నో పార్టీలో మావాడొకడు గంజాయి గమ్మీల (జెల్లీ మిఠాయిల) డబ్బా తీసి "లీగలే కదరా" అంటూ అందరికీ పంచుతున్నాడు, ఇంకా హెచ్‌1బీ వీసా మీదే ఉన్నాడు మహానుభావుడు.

గంజాయిని చట్టబద్ధం చేయడానికి నేను వ్యతిరేకం కాదు, చిన్న పొట్లానికి కుర్రాళ్లని జైల్లో వేయడం కంటే ఇదే నయం. కానీ ఇంత పెద్ద వ్యాసంలో ఈ సంగతి ఒక్క ముక్కయినా రాయాల్సింది.