సవరణ: పాంక్రియాటైటిస్‌లో ఆ 25 దేని లెక్క?

క్లోమం వాపు గురించిన పోస్టులో "యూరియా 25 దాటితే ప్రాణాపాయం ఎక్కువ" అని ఉంది. ఆ 25 ఈ జబ్బు తీవ్రతను అంచనా వేసే బైసాప్ స్కోరులోని బీయూఎన్‌ (బ్లడ్ యూరియా నైట్రోజన్)ది, అంటే యూరియాలోని నైట్రోజన్ వరకే. మన ల్యాబుల్లో చాలావరకు ఇచ్చేది బ్లడ్ యూరియా. ఆ లెక్కలో బీయూఎన్ 25 అంటే సుమారు 53. రిపోర్టులో 32 కనబడగానే టెన్షన్ పడక్కర్లేదు. పైగా బైసాప్‌లో అది ఐదింట్లో ఒకటే. వయసు, మగత, ఊపిరితిత్తుల చుట్టూ నీరు కూడా చూస్తారు. సెలైన్ ఎక్కిస్తున్నా మొదటి 24 గంటల్లో యూరియా పెరుగుతూ పోతుంటే మాత్రం డాక్టర్లు జాగ్రత్తపడతారు.

ఇక ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష సీఆర్‌పీ 150 దాటితే జబ్బు తీవ్రం అంటారే, ఆ 150 లీటరుకు మిల్లీగ్రాముల్లో, అదీ 48 గంటలప్పటి మాట. చేరిన రోజు తక్కువుందని ధీమా పనికిరాదు. క్లోమం తయారుచేసే ఎంజైమ్ లైపేజ్ అంటారా, ఆ పరీక్ష జబ్బును పట్టుకోవడానికే. వేలల్లో ఉన్నా తీవ్రత చెప్పదు.