‘ద ఫ్రాజైల్’ ఫ్లాపని ఎవరన్నారు?

విజయనగరం, శ్రీకాకుళం పాటల గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. అమెరికన్ రాక్ బ్యాండ్ నైన్ ఇంచ్ నెయిల్స్ వాళ్ల 1999 నాటి డబుల్ ఆల్బమ్ ‘ద ఫ్రాజైల్’ అట్టర్ ఫ్లాపట. ఆ బ్యాండ్ నడిపే ట్రెంట్ రెజ్నర్ ఒక్కడే కంప్యూటర్ ముందు కూర్చుని తీసిన రొదట. విమర్శకులంతా తిట్టిపోశారట. పైగా, ‘మన సంగీతం ఊళ్లో ఇవెవరికి ఎక్కుతాయి’ అని చివర్లో ఒక విసురు.

ముందు ఫ్లాప్ సంగతి. మొదటి వారమే అమెరికాలో 2,28,000 కాపీలు అమ్ముడై బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల జాబితాలో నంబర్ వన్ అయింది. రెండో వారానికి 16కి జారిన మాట నిజమే. రాసినాయన ఆ జారుడొక్కటే పట్టుకున్నారు. 2000 జనవరికల్లా డబుల్ ప్లాటినం వచ్చింది, అంటే ఇరవై లక్షల అమ్మకాలకిచ్చే గుర్తింపు. రెండు డిస్కుల సెట్టును రెండుగా లెక్కేస్తారు కాబట్టి అది పది లక్షల సెట్ల కింద లెక్క. 1994 నాటి ముందు ఆల్బమంత ఆడలేదు, ఒప్పుకుంటాను. అంతమాత్రాన ఫ్లాపేనా?

రొద అన్నవాళ్లు అసలు విన్నారా అని నా అనుమానం. మొదటి డిస్కులో ‘లా మెర్’ పెట్టండి. పియానో మీద చిన్న వరస ఒకటి మళ్లీ మళ్లీ వస్తుంది. రెండో డిస్కులో రెండో పాట ‘ఇంటు ద వాయిడ్’లో అదే వరస డ్రమ్స్, బేస్ మధ్య వేరే నడకతో తిరిగొస్తుంది. పల్లవి ఎత్తుకుని సంగతులు వేయడం తెలిసినవాళ్లకు ఇది ఇట్టే దొరుకుతుంది. చెల్లో, ఉకులేలే లాంటి తీగ వాద్యాలు కూడా ఉన్నాయి. కంప్యూటర్ వాడలేదని కాదు, వాయించినదాన్నే అందులో వేసి విరిచారు.

ఒక్కడే చేశాడన్నది మరీ అన్యాయం. న్యూ ఆర్లీన్స్‌లో, ఒకప్పుడు శవాలకు అంతిమ సంస్కారాలు జరిపిన భవనాన్నే స్టూడియో చేసుకుని, సహ నిర్మాత అలన్ మౌల్డర్‌తో కలిసి ఏళ్ల తరబడి పనిచేశాడు. 23 ట్రాకులు పోగయ్యాక ఏది ముందో ఏది వెనకో తేలక, వరస కుదర్చడానికి బాబ్ ఎజ్రిన్ అనే మరో రికార్డు నిర్మాతను పిలిపించుకున్నాడు.

విమర్శకులా? సంగీత సమీక్షల వెబ్‌సైట్ పిచ్‌ఫోర్క్ పదికి 2 మార్కులే ఇచ్చింది. స్పిన్ పత్రిక మాత్రం ఆ ఏటి మేటి ఆల్బమ్ అంది. ‘అంతా’ ఎక్కడ?

ఇక మన ఊరి మాట. 1919లో మొదలైన మన విజయనగరం సంగీత కళాశాలకు 1936లో ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో ఉన్న వయొలిన్ ఏ దేశపు వాద్యమో ఫార్వర్డ్ చేసేవాళ్లు ఒకసారి చూసుకోవాలి. నచ్చకపోతే నచ్చలేదనండి, ఎవరూ కాదనరు. రెండు డిస్కులూ ఒకే రాత్రి వింటే నాకూ తలనొప్పే.