అసలు మాకు, నకలు మీకు

"పుస్తకం వనితా విత్తం పరహస్తగతం గతః" అన్నారు పెద్దలు. వనితను సామాన్ల జాబితాలో చేర్చినందుకు ఆ శ్లోకకర్తతో విడిగా తేల్చుకోవాల్సిన లెక్క ఒకటుంది, అది ఇంకోసారి చూద్దాం. పుస్తకం విషయంలో కూడా ఆయన తొందరపడ్డాడనే నా అభిప్రాయం. పట్టుకెళ్ళి తిరిగి ఇవ్వనివాణ్ణి అప్పు ఎగ్గొట్టినవాడి పక్కన కూర్చోబెట్టాడు. పట్టుకెళ్ళినవాడికి నాలుగు ఓడలూ, నలభై ఫిరంగులూ, పాలరాతి స్తంభాలున్న ఒక మ్యూజియమూ ఉంటే అదే పనికి నాగరికతా పరిరక్షణ అని పేరొస్తుందని పాపం ఆయనకు తెలియదు.

సామ్రాజ్యాల మీద వచ్చిన పుస్తకాలు కొన్నాళ్ళుగా వరసబెట్టి చదువుతున్నాను. తలగడ అవసరం లేకుండా చేసేంత లావు పుస్తకాలు. రచయితలు వేరు, శతాబ్దాలు వేరు, కానీ చాలావాటిలో ఒక అద్భుతం మాత్రం తప్పకుండా జరుగుతుంది. వస్తువులకు కాళ్ళొస్తాయి. విగ్రహాలు సేకరణలోకి వచ్చేస్తాయి, తాళపత్రాలు లండన్ చేరుకుంటాయి, కిరీటాలు పారిస్‌లో స్థిరపడతాయి. ఎవరూ ఎత్తుకెళ్ళరు. ఆ దేశపు ఎండలు పడక అవే బయల్దేరి వెళ్ళిపోయాయేమో అనిపిస్తుంది. అందుకే ఈ రంగంలో కొత్తగా రాయబోయేవారి కోసమూ, కొత్తగా సామ్రాజ్యం పెట్టుకోబోయేవారి కోసమూ సాంస్కృతిక అరువు వ్యవహారాలకు ఒక నియమావళి ఉండాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాను. నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. అన్నిటికీ పాత తీర్పులున్నాయి.

మూలపురుషుడి స్థానం ఈజిప్టును ఏలిన మూడో టాలెమీదే. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం. అలెగ్జాండ్రియా రేవుకు ఏ ఓడ వచ్చినా అందులోని పుస్తకాలన్నీ దింపించేవాడని వైద్యుడు గాలెన్ రాశాడు. దింపించి, నకళ్ళు రాయించి, ఆ నకళ్ళు ఓడవాళ్ళకిచ్చి పంపేవాడు. అసలు ప్రతులు గ్రంథాలయంలోకి వెళ్ళేవి, వాటి మీద "ఓడలవి" అని రాసిపెట్టేవారు. ఎక్కడివో దాచలేదు చూడండి, అదీ పారదర్శకత అంటే. ఆ తర్వాత ఆయన కన్ను ఏథెన్స్ మీద పడింది. ఈస్కిలస్, సోఫొక్లిస్, యురిపిడీస్ నాటకాల అధికారిక ప్రతులు ఆ నగరం దగ్గరున్నాయి. నకలు రాసుకుని ఇచ్చేస్తాను, హామీగా పదిహేను టాలెంట్ల వెండి ఉంచుకోండి అన్నాడు. మన లెక్కలో దగ్గరదగ్గర నాలుగు వందల కిలోలు. ఏథెన్స్ నమ్మింది. శ్రేష్ఠమైన పపైరస్ మీద అందంగా రాయించిన నకళ్ళు ఏథెన్స్‌కు తిరిగొచ్చాయి. అసలువి రాలేదు. వెండి మీరే ఉంచేసుకోండి అన్నాడు.

ఇందులో చాలామంది మోసం చూస్తారు. నాకు మాత్రం ఆదర్శం కనిపిస్తుంది. ముందు అడిగాడు, హామీ కట్టాడు, ఆ హామీ వదులుకున్నాడు, పైగా నకలు మంచి పపైరస్ మీద రాయించాడు. తర్వాత రెండు వేల ఏళ్ళలో వచ్చిన సామ్రాజ్యాల్లో ఈ నాలుగూ చేసిన మరొకణ్ణి చూపించండి. అంతా ఆ నాటకాల భద్రత కోసమే. ఆ గ్రంథాలయం ఇప్పుడు ఎక్కడుందని మాత్రం అడక్కండి.

రోమన్లది ఇంత నాజూకు కాదు. క్రీస్తుపూర్వం 146లో గ్రీకు నగరం కోరింత్‌ను కొల్లగొట్టిన సేనాని ముమ్మియస్, ఆ నగరపు చిత్రాలూ శిల్పాలూ ఓడల్లోకి ఎక్కించేటప్పుడు, దారిలో ఏదైనా పోతే కొత్తది చేయించి ఇవ్వాలని రవాణావాళ్ళకు షరతు పెట్టాడట. కళ గురించి తెలియకపోవచ్చు గానీ రవాణా ఒప్పందాల గురించి బాగా తెలిసినవాడు. ఆ తర్వాత కవి హొరేస్ వచ్చి, ఓడిన గ్రీసే తన మొరటు విజేతను గెలుచుకుందన్నాడు. సామ్రాజ్యం మీద పుస్తకం రాసే ప్రతివాడూ ఈ మాట ఎక్కడో ఒకచోట వాడతాడు. ఓడినవాళ్ళకు దక్కే కన్సొలేషన్ బహుమతి ఇదొక్కటే కాబట్టి నేనూ వాడాను.

శాపాల సంగతి కూడా నియమావళిలో ఉండాలి. క్రీస్తుపూర్వం ఏడో శతాబ్దంలో అస్సీరియా రాజు అషుర్‌బనిపాల్ నినెవేలో గొప్ప గ్రంథాలయం పెట్టాడు. బాబిలోనియాలో ఎవరింట్లో ఏ మంచి పలక ఉన్నా, ఏ గుళ్ళో ఉన్నా పట్టుకురమ్మని మనుషుల్ని పంపాడు. అలా ఊరి సొమ్ముతో అరలు నింపుకుని, చివర ఒక హెచ్చరిక చెక్కించాడు. ఈ పలక ఎత్తుకెళ్ళి నా పేరున్నచోట తన పేరు రాసుకునేవాడి పేరూ వంశమూ దేవతలు తుడిచిపెట్టుగాక అని. క్రీస్తుపూర్వం 612లో నినెవే తగలబడింది. మట్టి పలకలు కదా, కాలి ఇంకా గట్టిపడ్డాయి. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో తవ్వి తీసిన ఆ పలకలూ ముక్కలూ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ముప్పై వేలకు పైనే ఉన్నాయి. శాపం తగిలిందా? లేదు. ఎందుకంటే మ్యూజియంవాళ్ళు వాటి మీద పేరు రాయలేదు, నంబర్లు వేశారు. శాపంలో నంబర్ల ప్రస్తావన లేదు. ఏ మంచి లాయరైనా ఇదే చెబుతాడు.

ఇక మన దగ్గరికొస్తే లెక్క తిరకాసుగా ఉంటుంది. 1835లో మెకాలే దొర, మంచి యూరప్ గ్రంథాలయంలోని ఒక్క అర భారత, అరబ్బు దేశాల సాహిత్యమంతటి పెట్టు అన్నాడు. తనకు సంస్కృతమూ రాదు, అరబ్బీ రాదని అదే పత్రంలో రాసుకున్నాడు కూడా. చదవకుండా సమీక్ష రాసేవాళ్ళంతా ఆయన పటం కట్టించుకోవాలి. బాగానే ఉంది, సరుకు అంత నాసిరకమైతే మరి మోసుకెళ్ళడం దేనికి? 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక టిప్పు సుల్తాన్ గ్రంథాలయంలోని రెండు వేల దాకా పుస్తకాలు ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చాయి. పంపకాలు జరిగాయి. 1809లో వాటి కేటలాగు కూడా అచ్చయింది. 1821లో కంపెనీ సర్వేయరు కోలిన్ మెకంజీ చనిపోతే, ఆయన పోగుచేసిన రాతప్రతులూ శాసనాల నకళ్ళూ నాణేలూ కంపెనీ లక్ష రూపాయలు పెట్టి కొంది. అప్పటి లక్ష! అరలో పట్టేంత విలువ లేనిదానికి కంపెనీ అంత డబ్బు పెట్టిందంటే, వాళ్ళ ఆడిటర్లు ఏమయ్యారో విచారించాల్సిన విషయమే.

మెకంజీ కైఫియత్తులు అని మనమంతా గౌరవంగా అంటాం. ఊళ్ళ చరిత్రలు చెప్పింది కరణాలూ పూజారులూ పెద్దలూ. ఊరూరూ తిరిగి వాటిని సేకరించింది ఏలూరు నుంచి వెళ్ళిన కావలి సోదరులు, వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, ఇంకా వాళ్ళలాంటి ఎందరో. పేరు మెకంజీది. ఆయన్ని అనడానికి లేదు. ఈ భాషలు తనకు రావనీ, బొర్రయ్య పరిచయంతోనే ఈ దేశపు విద్యల వాకిలి తెరుచుకుందనీ స్వయంగా రాసుకున్న పెద్దమనిషి. వెనకాల వచ్చినవాళ్ళు ఆ పొరపాటు దిద్దారు. రెండు దశాబ్దాల పాటు ఆ పనే చేసిన లక్ష్మయ్య, మిగిలింది నేను పూర్తి చేస్తానని 1830ల్లో అడిగితే, ఆసియాటిక్ సొసైటీ తరఫున పరిశీలించిన జేమ్స్ ప్రిన్సెప్, ఇంత పని లక్ష్మయ్య వల్ల కాదు, అసలు ఏ నేటివు వల్లా కాదని తేల్చాడు. చేసిన పని చేతకాదని చెప్పించుకోవడం కూడా ఒక అర్హతే. అనుభవం లేనివాళ్ళకు దక్కేది కాదు.

తిరిగి ఇవ్వడం గురించి కూడా నాలుగు మాటలు రాయాలి, ఈ మధ్య జనం దాన్ని పట్టుకుని టెన్షన్ పెడుతున్నారు. ఇచ్చేయకూడదు. అరువివ్వాలి. 1866లో ఫ్రెంచి నౌకాదళం కొరియాలోని కాంగ్వా దీవి నుంచి రాజకుటుంబ వేడుకల గ్రంథాలు పట్టుకెళ్ళింది. 2011లో 297 సంపుటాలు సియోల్‌కు వచ్చాయి, అయిదేళ్ళ అరువు మీద, తర్వాత రెన్యువల్ చేసుకోవచ్చనే సౌకర్యంతో. 1874లో అసాంటే రాజ్యపు రాజధాని కుమాసి నుంచి బ్రిటిష్ సైన్యం వెంట పోయిన బంగారంలో కొంత 2024లో ఘనాకు వచ్చింది. అన్నీ కలిపి ముప్పై రెండు వస్తువులు, మూడేళ్ళకు, అదీ అరువే. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు గానీ, అల్లుడు అదే సొమ్ము అత్తకే అరువిచ్చి రసీదు రాయించుకోవడం మన సామెతలకు అందని ప్రగతి. ఎందుకిలా అంటే, వస్తువులు వదులుకోవడానికి చట్టం ఒప్పుకోదంటారు. బ్రిటిష్ మ్యూజియానికి ఆ చట్టం 1963లో వచ్చింది. చేసింది ఎవరని అడగడం అమర్యాద.

చివరి తీర్పు ఇథియోపియాది. 1868లో మఖ్దలా కోట మీదికి వెళ్ళిన బ్రిటిష్ సైన్యం వెంట బ్రిటిష్ మ్యూజియం తన మనిషిని కూడా పంపింది. యుద్ధానికి కొనుగోలుదారుణ్ణి ముందే వెంటబెట్టుకెళ్ళడం ముందుచూపు. చక్రవర్తి తెవొద్రోస్ తనను తాను కాల్చుకుని చనిపోయాక దోచిన సొత్తు మోయడానికి 15 ఏనుగులూ, దాదాపు 200 కంచరగాడిదలూ కావలసి వచ్చాయి. ఆ పైన సైన్యమే వేలం పెట్టి సొమ్ము సిపాయిలకు పంచింది. ఆ రాతప్రతుల్లో చాలావాటిని తెవొద్రోస్ కూడా గోందార్ చర్చిల నుంచి లాక్కొచ్చినవాడేలెండి. గుడిని మింగేవాడు ఒకడైతే గుళ్ళో లింగాన్ని మింగేవాడు ఇంకొకడు. ఆ రాతప్రతుల్లో 350 దాకా ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. తాబోత్‌లు అని ఆ చర్చిల్లో గర్భగుడి దాటని పవిత్ర ఫలకాలుంటాయి. అర్చకులు తప్ప మరొకరు చూడకూడదు. అలాంటివి పదకొండు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మ్యూజియంవాళ్ళు ఆ నిషేధాన్ని ఎంతో భక్తిగా పాటిస్తున్నారు. ప్రదర్శనకు పెట్టరు, ఫొటో తీయరు, పరిశోధకులకు చూపించరు, ఉద్యోగులు కూడా చూడరు. వాటిని చూడగలిగినవాళ్ళు ఇథియోపియా చర్చి అర్చకులే, వాళ్ళకు తిరిగి ఇవ్వడానికి మాత్రం వీల్లేదు. ప్రపంచమంతా చూడాలనే కదా ఇక్కడ ఉంచాం అంటారు.