అంకె కాదు, అభిప్రాయం చెప్పండి

సైన్స్ ఫిక్షన్ యాక్షన్ థ్రిల్లర్ ఏదైనా విడుదలైన రోజు ప్రేక్షకుల అభిప్రాయాలు వరసగా చదివితే, వీళ్లంతా చూసింది ఒకే సినిమాయేనా అనిపిస్తుంది. ఒకరికి విజువల్స్ అదిరిపోయాయి. ఇంకొకరికి సెకండాఫ్ లాగ్. మూడో ఆయనకు అసలు లాజిక్కే కనపడలేదు. ముగ్గురూ నిజమే చెబుతున్నారని మేం నమ్ముతున్నాం. కొత్త ఊహ కోసం వచ్చినవాళ్లు, ఫైట్ల కోసం వచ్చినవాళ్లు, తర్వాతేం జరుగుతుందోనన్న టెన్షన్ కోసం వచ్చినవాళ్లు పక్కపక్క సీట్లలోనే కూర్చుంటారు. ఆ ఊహాలోకం ఎలా నడుస్తుందో చెప్పడానికి దర్శకుడు పది నిమిషాలు తీసుకుంటే ఒకరు కళ్లప్పగించి చూస్తారు, పక్కవారు ఫోన్ తీస్తారు.

ఇన్ని రకాల మాటల్ని కలిపి ఒక్క అంకెగా మార్చడం దగ్గరే మా అభ్యంతరం. సినిమాల రేటింగులు చూపే వెబ్‌సైట్ రాటెన్ టొమాటోస్‌లో కనిపించే ప్రేక్షకుల శాతం సగటు మార్కు కాదు. ఐదుకు మూడున్నర, అంతకుమించి ఇచ్చినవాళ్లు నూటికి ఎందరన్న లెక్క అది. ఒక సినిమాకు అందరూ మూడున్నరే ఇచ్చారనుకుందాం, దానికి 100 శాతం వస్తుంది. ఇంకో సినిమాకు సగం మంది ఐదు, మిగతా సగం రెండు ఇస్తే వచ్చేది 50. సగటు తీస్తే రెండూ మూడున్నరే! కానీ మొదటిది అందరికీ పర్వాలేదనిపించిన సినిమా, రెండోది సగం మందిని ఊపేసిన సినిమా. సైన్స్ ఫిక్షన్‌లో సాహసం చేసినవాటికి తరచూ ఈ రెండో గతే పడుతుంది. 50 చూసి వెనక్కి తగ్గిన ప్రేక్షకుడికి తాను ఏ సగంలో ఉండేవాడో ఎప్పటికీ తెలియదు.

హాలీవుడ్ సైన్స్ ఫిక్షన్ సినిమా 'బ్లేడ్ రన్నర్'కు జరిగింది ఇక్కడ చెప్పుకోవాల్సిందే. 1982లో విడుదలకు ముందు డెన్వర్, డాలస్‌లలో పరీక్షా ప్రదర్శనలు వేస్తే, అయోమయంగా ఉందని, మరీ దిగులుగా ఉందని ప్రేక్షకులు పెదవి విరిచారు. నిర్మాతలు కంగారుపడి హీరో గొంతుతో వ్యాఖ్యానం చేర్చారు, సుఖాంతం అతికించారు. అయినా సినిమా ఆడలేదు. పైగా ఆ వ్యాఖ్యానమే పెద్ద ఫిర్యాదుగా మారింది. 1992లో ఆ రెండూ తీసేసిన రూపం వచ్చింది, 2007లో దర్శకుడు రిడ్లీ స్కాట్ తుది రూపం ఇచ్చారు. ఇప్పుడు సైన్స్ ఫిక్షన్ గొప్ప చిత్రాల జాబితా ఎవరు రాసినా దాన్ని వదలరు. 1982లో 'బ్లేడ్ రన్నర్' వచ్చిన రోజే విడుదలైన మరో సైన్స్ ఫిక్షన్ సినిమా 'ద థింగ్' కూడా అప్పుడు దెబ్బతిని తర్వాత నిలబడింది.

దీన్నిబట్టి ప్రేక్షకుడికి ఏమీ తెలియదనడం అన్యాయం. అయోమయంగా ఉందన్న మాట నిజమే, అది వాళ్లు అనుభవించిన సంగతి. తప్పు చికిత్సలో జరిగింది. రోగి నొప్పి ఎక్కడుందో చెబుతాడు, మందు రాయాల్సింది వైద్యుడు. ఎక్కడ, ఏ సన్నివేశంలో, ఎందుకు కథ నుంచి తెగిపోయామో ప్రేక్షకుడు చెప్పినప్పుడే అది తీసినవాళ్లకు పనికొస్తుంది. రెండు నక్షత్రాలు చూసి ఏ దర్శకుడైనా ఏం దిద్దుకోగలడు?

లాజిక్ లేదన్న ఫిర్యాదు ఈ జానర్‌లో అన్నిటికన్నా ఎక్కువ వినిపిస్తుంది కాబట్టి దాని గురించి కాస్త ఆగి మాట్లాడాలి. కాలంలో వెనక్కి వెళ్లడం అసాధ్యం కదా అని కొట్టిపారేస్తే అది విమర్శ కాదు. ఆ ఒక్కటీ ఒప్పుకునే టికెట్ కొన్నాం. కానీ యంత్రం ఒక్కసారే పనిచేస్తుందని మొదట్లో చెప్పి, క్లైమాక్స్‌లో హీరో ఇరుక్కోగానే రెండోసారి నడిపించారంటే నిలదీయాల్సిందే. తాను పెట్టిన నియమాన్ని సినిమా తానే మీరితే టెన్షన్ చచ్చిపోతుంది, ఫైట్ ఎంత ఖరీదైనదైనా ఎవరికీ పట్టదు. శూన్యంలో శబ్దం ప్రయాణించదని తెలిసినా అంతరిక్షంలో పేలుళ్ల మోతను మనం మన్నిస్తున్నాం. 1968లోనే '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' ఆ నిశ్శబ్దాన్ని అలాగే ఉంచి వణికించింది. మన్నించడం, మెచ్చుకోవడం వేరువేరని గుర్తుపట్టి రాసే ప్రేక్షకుల మాట మాకు ఎంతో విలువైనది.

సినిమా చూడకుండానే తిట్టేవాళ్ల సంగతి వేరు. వాళ్ల బెడద పెరిగాకే 2019లో రాటెన్ టొమాటోస్ విడుదలకు ముందు వ్యాఖ్యలు రాసే వీలు తీసేసి, టికెట్ కొన్నట్టు నిర్ధారణ అయినవారి రేటింగ్‌ను విడిగా లెక్కించడం మొదలుపెట్టింది. మంచి పనే. అభిమాన గణాలు కుమ్మరించే ఐదు నక్షత్రాలపైనా అంతే గట్టిగా కన్నేయాలి. మలుపు విప్పేసే స్పాయిలర్లు రాసేవారిని మాత్రం మేం సమర్థించలేం. అది తోటి ప్రేక్షకుడి ఆనందాన్ని లాక్కోవడం.

రేటింగ్ వేదికల నుంచి మేం కోరుతున్నది పెద్ద మార్పేమీ కాదు. శాతం పక్కనే ఎవరు ఎన్ని నక్షత్రాలు ఇచ్చారో విడివిడిగా, అంతే పెద్ద అక్షరాల్లో చూపాలి. ఏం ఆశించి వెళ్లారన్న ప్రశ్న అడిగాకే రేటింగ్ తీసుకోవాలి. రెండోసారి చూసి మనసు మార్చుకున్న ప్రేక్షకుడి కొత్త మాట పాతదాన్ని చెరిపేయకూడదు. రెండూ తేదీలతో సహా పక్కపక్కన ఉండాలి.